చివరి గడియ నాదే

కయ్యం అంది మా చెల్లెలు. దయ్యం అని విన్నది స్తోత్రమ్మత్త. తేడా ఒక్క అక్షరమే, కానీ ఆ ఒక్క అక్షరాన్ని వెళ్లగొట్టడానికి మా చర్చి సంఘం సంఘమంతా పస్తులుండి, వంతులేసుకుని, గంటకొకరు చొప్పున ఈ ఇరుకు గదిలో మోకాళ్ళ మీద పోరాడుతోంది, ఆ పోరాటంలో ఆఖరి గంట నా వంతుకొచ్చింది. ఇస్త్రీ అన్న ఇప్పుడే లేచి వెళ్లాడు. వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గర నోరు పెట్టి, "మీ చెల్లెలిలో ఉన్నది ఈ పూటతో పోవాలి, అదే అంశం" అన్నాడు, అని నా చొక్కా మడత ఒకటి సరిచేసి మరీ వెళ్లాడు, వృత్తి ధర్మం. తలుపు దగ్గరగా వేశాడు. నేను తాళాలు బాగుచేసుకుని బతికేవాణ్ణి, గడియ పడిందో లేదో చప్పుడుని బట్టి చెప్పగలను, పడలేదు. ఇక్కడ గడియ వేయకూడదని నియమం. గంటనే గడియ అంటాం కాబట్టి నా గడియకు గడియ లేదు, అని మామూలుగా అయితే పైకే అనేసి నలుగుర్ని నవ్వించేవాణ్ణి, ఇవాళ ఎవరూ లేరు, ఉన్నా నవ్వు రాదు, ఎందుకంటే ఈ గంట అయిపోగానే అందరూ హాల్లో చేరతారు, మా చెల్లెలి తల మీద నూనె పోస్తారు, పోయిందంటారు, స్తోత్రమంటారు, ఎవరిళ్ళకు వాళ్ళు పోతారు. అప్పుడు ఆ ఇంట్లో అది ఒక్కతే మిగులుతుంది. ఒక్కతే కూడా కాదు, వాడితో.

గది చిన్నది. మడత కుర్చీలు పెట్టుకునే గది, పనికిరాని కుర్చీలు ఇంకా మూలన కాళ్ళు ముడుచుకుని ఉన్నాయి, నాకంటే బాగా మోకరించాయి. చాప, టేబుల్ ఫ్యాను, గోడ గడియారం, వీధి వైపు కిటికీ, కిటికీ అవతల టైర్ల దుకాణం వాడు ఎవరిదో ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడొస్తాయా అని చూస్తున్నాడు. నా కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. ఫ్యాను ఆ గోడకీ ఈ గోడకీ కాదు కాదు అని తల ఊపుతోంది, దేన్ని కాదంటున్నావమ్మా, దేన్నైనా కానీ, నువ్వొక్కదానివే ఈ సంఘంలో కాదనగలిగావు. ఇది గొలుసు ప్రార్థన. ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చోవాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు, ఖాళీ దొరికితే అపవాది, అదే సాతాను, దూరతాడు. వెళ్లేవాడు వచ్చేవాడి చెవిలో ప్రార్థనాంశం చెప్పి వెళ్లాలి, కాగితం మీద పెట్టకూడదు, పెడితే వాడు చదువుతాడట, ఇంత ఓపిగ్గా ఉద్యోగం చేసేవాడికి చదువు రాకుండా ఉంటుందా అని నేనూ ఒప్పుకున్నాను. వాడికి చెవులున్నాయన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. గొలుసుకైతే తాళం వేసి ఇస్తాను, నాలుకకు వేసే తాళం ఇంకా బజార్లోకి రాలేదు.

ఇదంతా మొదలైన రోజు, మామూలు గొలుసు ప్రార్థనలో, చెల్లెలు తన గంట ముగించుకుని లేచింది. ఆమె తర్వాతి వంతు స్తోత్రమ్మత్తది. ఎండగా ఉందన్నా స్తోత్రం, బస్సు తప్పిపోయిందన్నా స్తోత్రం, ఆమెకు ఆ పేరు అలా వచ్చింది, చెవి మిషను ఇంట్లో మరిచిపోయి వచ్చింది ఆ రోజు. మా ఇంట్లో కయ్యం ఎక్కువైంది అత్తా, ప్రార్థన చెయ్యండి, అంది ఇది, గుసగుసగా. గొంతు పెంచి చెప్పే విషయం కాదు కదా. స్తోత్రం, అందావిడ. గంట తర్వాత మా ఇంట్లో దయ్యమని అదే గుసగుస ఇంకో చెవిలోకి పోయింది. ఇంట్లో దయ్యం సాయంత్రానికి వంటింట్లో దయ్యమైంది, వంటింట్లో ఎవరుంటారు, కాబట్టి మర్నాటికి ఆమెలోనే దయ్యమైంది, ఆ తర్వాత దానికి గొంతు వచ్చింది, మగ గొంతు, పళ్ళ డాక్టరు గారైతే అది ఏ భాషలో మాట్లాడుతుందో కూడా కనుక్కున్నారు. ఒక మనిషి చెప్పని మాట ఇంతమంది ఎంత శ్రద్ధగా పెంచారండీ, కన్నబిడ్డని కూడా అంత శ్రద్ధగా పెంచరు. నాకు తెలిసింది ఇస్త్రీ అన్న వల్లే. మీకు చెప్పొద్దన్నారు అన్నా, కానీ అంశం చెప్పకుండా వెళ్తే గొలుసు తెగిపోతుంది కదా, అన్నాడు పాపం, నియమం తప్పని మనిషి.

మొదట విన్న చెవి స్తోత్రమ్మత్తదని తెలియగానే నేను నవ్వాను. నా నవ్వంటే మామూలు నవ్వు కాదు, నన్ను అందరూ మైకన్న అనేది ఊరికే కాదు, కరెంటు పోయిన రోజు ప్రకటనలన్నీ నేనే చేస్తాను, టైర్ల దుకాణం వాడు గాలి కొట్టడం ఆపి ఇటు చూశాడు. నా గంట ఎలాగో గడిపి, నవ్వుకుంటూనే తిన్నగా దాని ఇంటికి పోయాను. పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఒళ్ళు మండిపోయే ఎండ, అది మాత్రం మణికట్టు దాకా పొడుగు చేతుల జాకెట్టు. ఏమే, నువ్వన్నది కయ్యమా దయ్యమా, అన్నాను.

"కయ్యమే అన్నాను అన్నయ్యా."

"మరి చెప్పొచ్చుగా! ఊరంతా నిన్ను చూసి గుమ్మాలకు నూనె రాసుకుంటుంటే!"

"వద్దు. నువ్వూ చెప్పకు." క్లిప్పు నోట్లో పెట్టుకుని ఉంది, అది తీసి దుప్పటికి పెట్టి, ఇంకోటి తీసుకుంది. "రోజూ సాయంత్రం ఇద్దరు ముగ్గురు వచ్చి కూర్చుంటున్నారు. పాటలు పాడుతున్నారు. ఆయన అందరికీ మంచినీళ్ళు అందిస్తున్నాడు. గ్లాసు పట్టుకున్న చెయ్యి ఖాళీగా ఉండదు కదా."

నవ్వు ఎక్కడాగిందో తెలియలేదు, గొంతులో కాదు, ఇంకా కిందెక్కడో.

"దయ్యమంటే వస్తున్నారు అన్నయ్యా. కయ్యమంటే ఎవరొస్తారు చెప్పు?"

దుప్పటి మీంచి నీళ్ళు కారుతున్నాయి. దాని చేతి కింద ఏముందో నేను చూడలేదు, చూపించమనలేదు, అక్కర్లేకపోయింది, ఎందుకంటే ఆ పొడుగు చేతుల దగ్గరే నాకు గడియ గుర్తొచ్చింది. లోపలి గదికి లోపలి నుంచి ఒక గడియ పెట్టించుకుంది నా చేత, వీధి తలుపుకి కాదు, లోపలి గదికి. దొంగలు ముందు హాల్లోకే కదే వస్తారు అంటే ఏదో అంది. తర్వాత మరలు వదులయ్యాయి రమ్మంటే వెళ్లాను. మరలు వదులవడం వేరు, ఊడబెరకడం వేరు. కర్ర పేళ్ళు లోపలికి లేచి ఉన్నాయి. బయటి నుంచి భుజంతో గుద్దితేనే అలా లేస్తాయి. చెదలండీ అన్నాడు దాని మొగుడు నా వెనక నిలబడి, కాఫీ కప్పు పట్టుకుని, ఈ చెక్కంతా చెద బావగారూ. చెదే. సంఘానికి వీడు డ్రమ్స్ కొడతాడు. కొట్టడంలో వాడంతటివాడు లేడని పాస్టరు గారే మైకులో అంటారు, అన్నప్పుడల్లా మా చెల్లెలు తల దించుకుంటుంది, భర్తను పొగిడితే సిగ్గు పడుతోందనుకుంటారు ఆడవాళ్ళు.

ఇప్పుడు అదే వాడు, ఇంక చాలండీ అంటున్నాడు. మొన్న పెద్దల ముందు నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు, మా ఇంటిది నెమ్మదించిందండీ, మీ అందరికీ శ్రమ, ఆఖరిసారి నూనె రాసి ముగించేద్దాం అన్నాడు. దాని మెడ పక్కన మచ్చ ఎవరో చూసి అడిగితే, అది వచ్చినప్పుడు గోడకేసి కొట్టుకుంటుందండీ అన్నాడు. కయ్యమని తన పెళ్ళాం ఎందుకంటుందో ఈ లోకంలో నాకంటే ముందు తెలిసినవాడు వాడే. తెలిసీ ఊరుకున్నాడు. ఎవరో కష్టపడి దయ్యాన్ని పెంచి తెచ్చి ఒళ్ళో పెడితే, కాదనకుండా ఎత్తుకున్నాడు. ఇల్లు జనంతో నిండిపోయేసరికి బరువైంది, దించేస్తానంటున్నాడు.

గడియారం టిక్కుటిక్కుమంటోంది. కళ్ళు మూతపడుతున్నాయి. మెలకువగా ఉండాలని పాస్టరు గారు ఆదివారం బల్ల గుద్ది చెప్పారు, శత్రువు సింహంలా తిరుగుతుంటాడు, కవచం తొడుక్కోండి, డాలు పట్టుకోండి, మేమంతా తలలూపాం, డాలు పట్టుకున్నట్టు పాటల పుస్తకాలు గుండెకు హత్తుకున్నాం. సింహమైతే బాగానే ఉండేది, జూలు ఉంటుంది, గర్జిస్తుంది, దూరం నుంచే తెలుస్తుంది, పారిపోవచ్చు. ట్రేలో గ్లాసులు పెట్టుకుని, మంచినీళ్ళు తీసుకోండమ్మా అంటూ వచ్చేదాన్ని ఏమని గుర్తుపట్టాలి. నేను అపవాది లేడనేవాణ్ణి కాదు. ఉన్నాడు. వీళ్ళందరికంటే నేనే ఎక్కువ నమ్ముతాను, ఎందుకంటే ఇప్పుడు ఈ గదిలో, ఫ్యాను చప్పుడులో, వాడు నాతో మాట్లాడుతున్నాడు, మగ గొంతు కాదు, వింత భాష కాదు, అచ్చం నా గొంతు. చెల్లెలే వద్దంది కదా, మధ్యలో నీకెందుకు. ఇంటి గుట్టు. చెప్తే రేపు వాడు దాన్ని బయటికి నెడితే, నువ్వు పెట్టుకుంటావా, నీ పెళ్ళాం ఏమంటుంది. అసలు నువ్వు చెప్తే ఎవరు నమ్ముతారు, నువ్వేం చెప్పినా నవ్వడం అలవాటైపోయింది అందరికీ. చూశారా, ఒక్కటి కూడా అబద్ధం కాదు. అబద్ధం చెప్పి పట్టుబడేవాడైతే ఇన్నాళ్ళు ఈ వ్యాపారం నడిపేవాడా.

ఇంకో మూల నుంచి ఇంకో మాట. సంచీలో పనిముట్లున్నాయి. పెద్ద స్క్రూడ్రైవరు. వాడి డ్రమ్ము తోలు చింపితే చాలదు, వాడి చెయ్యి పాస్టరు గారి బల్ల మీద పెట్టి. ఆ బొమ్మ నాకు చాలా స్పష్టంగా కనిపించింది, వేళ్ళతో సహా, చప్పుడుతో సహా. ఎంత హాయిగా ఉందంటే కాసేపు దాన్నే ప్రార్థన అనుకున్నాను, పెదాలు కూడా కదులుతున్నాయి. తర్వాత దానికి తగ్గ చమత్కారం ఒకటి తట్టింది, హాలంతా పడి పడి నవ్వి వాణ్ణి మళ్ళీ తలెత్తనివ్వని మాట, దాన్ని ఆకురాయితో తాళంచెవిని అరగదీసినట్టు అరగదీశాను, పళ్ళు సరిగ్గా కూర్చునేదాకా. అప్పుడు తెలిసింది. గంటలో సగం నేను కాపలా కాసింది చెల్లెల్ని కాదు, నా కసిని. దూరేవాడు దూరేశాడు, తలుపుకు గడియ లేకపోవడం వల్ల కాదు, నేనే కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ప్రభువా అన్నాను. ఆ ఒక్క మాటే ఆ గంటలో ప్రార్థన, మిగతాదంతా నా గోల.

పిల్లల సంగతి గుర్తొచ్చింది. ఆదివారం పిల్లల తరగతి చెల్లెలిదే, ఎన్నేళ్ళుగానో. రంగు కాగితాలు కత్తిరించి గొర్రెపిల్లలు చేసిస్తుంది, ప్రతి గొర్రెపిల్లకీ ఒక చెవి పెద్దది, దానికి కత్తెర సరిగ్గా తిరగదు. దయ్యమన్నాక తరగతి తీసేశారు. తీసేసిన వారం తలుపు దగ్గర ఒక చిన్నపిల్ల దాని కొంగు పట్టుకుని, టీచర్, అది ఇప్పుడు కూడా మీ లోపలుందా, మమ్మల్ని చూస్తోందా, అనడిగింది. లేదమ్మా పడుకుంది, అంది మా చెల్లెలు. ఆ పిల్ల భయపడకూడదని అంది. నేను విన్నాను. సాయంత్రం మంచినీళ్ళ గ్లాసుకి అది కడుతున్న ధర అదీ, ఆ పిల్ల కళ్ళు. ఇవాళ్టితో ఆ గ్లాసు కూడా లేదు.

హాల్లో చెప్పుల చప్పుడు. కుర్చీలు జరుగుతున్నాయి. వచ్చేశారు.

చివరి గంట కాసినవాడు బయటికొచ్చి, ఆ గంటలో తనకు ఏం తోచిందో అందరి ముందూ చెప్పాలి, ఆ తర్వాతే పాస్టరు గారు మాట్లాడతారు. ఇది కూడా నియమమే. లేచాను, మోకాళ్ళు టపటపమన్నాయి. హాల్లో అందరూ ఉన్నారు. ముందు వరసలో స్తోత్రమ్మత్త, ఇవాళ చెవి మిషను పెట్టుకుంది. పాస్టరు గారి చేతిలో నూనె సీసా. వాడు తెల్ల చొక్కా, ఇస్త్రీ నలగలేదు. చెల్లెలు వెనక, పిల్లల పొట్టి కుర్చీల దగ్గర, తనను ఎక్కడికి పిలుస్తారో తెలిసినదానిలా నిలబడి ఉంది.

"చెప్పు మైకన్నా, ఏం బయలుపడింది?" అన్నారు పాస్టరు గారు.

"దయ్యం లేదండీ. మా చెల్లెలు అన్నది కయ్యం. ఇంట్లో కయ్యం ఎక్కువైంది అంది. అత్తకి దయ్యమని వినపడింది. అంతే, అక్కణ్ణుంచి అలా అలా వచ్చింది."

నవ్వు లేచింది. ముందు పళ్ళ డాక్టరు గారు, తర్వాత ఇస్త్రీ అన్న, తర్వాత హాలంతా, కుర్చీలు కూడా నవ్వాయి. ఇన్నేళ్ళలో నేనేసిన ఏ జోకుకీ అంత నవ్వు రాలేదు. "ఓరి దేవుడా, కయ్యమా! మా ఇంట్లో అయితే పొద్దునే అయింది" అన్నారెవరో, ఇంకో నవ్వు. అందరికంటే గట్టిగా నవ్వింది వాడు, తొడ చరుచుకుని. పాస్టరు గారు సీసా మూత బిగిస్తున్నారు. "సంసారమన్నాక ఉంటాయమ్మా, సర్దుకోవాలి" అన్నారు వెనక్కి చూసి. జనం సంచులు అందుకుంటున్నారు. నేను చెల్లెలి వైపు చూశాను. అది నన్ను చూస్తున్న చూపు, నా దయ్యాన్ని కూడా తీసేసుకున్నావా అన్నయ్యా అన్నట్టు ఉంది.

స్తోత్రమ్మత్త మాత్రం నవ్వలేదు. కర్ర పట్టుకుని లేచింది. "అయితే నేను తప్పు విన్నానన్నమాట" అంది. "ఏమే తల్లీ, ఇలా రా. నాకు చెప్పిన అంశం నాకు సరిగ్గా అందలేదు. మళ్ళీ చెప్పు. ఎవరితోనే కయ్యం?"

చెల్లెలు వచ్చింది. ఆమె చెవి దగ్గర వంగింది. ఏదో అంది.

"వినపడటం లేదే. నాకోసం కాదు, వెనక ఉన్నవాళ్ళకి కూడా చెవుడు ఉన్నట్టుంది. గట్టిగా."

చెల్లెలు జాకెట్టు చేతి గుండీ విప్పింది. మోచేయి పైదాకా మడిచింది. పాతవి పసుపు, కొత్తవి నలుపు. "కయ్యమంటే ఇద్దరు ఉండాలి అత్తా. నేను ఒక్కసారి కూడా తిరిగి కొట్టలేదు" అంది.

సంచులు అందుకున్న చేతులు అలాగే ఉన్నాయి. దయ్యాన్ని చూడ్డానికి పోటీలు పడి వంతులు వేయించుకున్నవాళ్ళు ఇప్పుడు ఒక్కరూ అటు చూడటం లేదు, ఒకరు గడియారం, ఒకరు చెప్పులు, పాస్టరు గారు సీసా మీది కాగితం చదువుతున్నారు, నూనె సీసా మీద చదవడానికి ఏముంటుంది. వీళ్ళలో రేపు సాయంత్రం ఆ ఇంటికి వెళ్లేదెవరని నేను ముఖాలు వెతుక్కుంటున్నాను. అప్పుడు దభీమని చప్పుడైంది. వాడు. మోకాళ్ళ మీద పడ్డాడు. మంచి తాళంలో పడ్డాడు.

"నాలో ఉందండీ! అది ఆవిడలో కాదు, నాలో ఉంది! నా చేత చేయిస్తోందండీ, నాకు తెలియకుండా చేయిస్తోంది! ప్రార్థన చెయ్యండి నాకోసం!"

ఏడుస్తున్నాడు. నిజం నీళ్ళే. ఆ హాలు మొత్తం ఒక్కసారి ఊపిరి తీసుకున్న చప్పుడు విన్నాను, పంక్చరు పడిన చోటు దొరికినట్టు. అమ్మయ్య, దయ్యమే. ఎవరిలో అయితేనేం, ఉంది కదా. ముఖాల్లో వెలుగు వచ్చేసింది, జనం చుట్టూ మూగుతున్నారు, చేతులు వాడి తల మీదికి చాచుతున్నారు, అయ్యో తమ్ముడూ ఎంత పోరాటం పడ్డావురా అంటున్నారెవరో. పాస్టరు గారు సీసా మూత మళ్ళీ తిప్పుతున్నారు. మా చెల్లెలు మడిచిన చేత్తో ఒక్కతే నిలబడి ఉంది, దాని చుట్టూ ఇంతకుముందున్నవాళ్ళు కూడా లేరు.

అరగదీసి పెట్టుకున్న చమత్కారం నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. ఆ తర్వాత నా గొంతు లేచింది, కరెంటు పోయిన రోజు లేచేదానికంటే గట్టిగా, టైర్ల దుకాణం వాడు కూడా వినాలన్నంత గట్టిగా.

"ఆగండి! నూనె ఆపండి! అందరూ వినండి. ఈయన మీరంతా వచ్చి కూర్చున్న ఇన్ని సాయంత్రాలూ చెయ్యెత్తలేదు. నీళ్ళిచ్చాడు. పాటలు పాడాడు. మీరుంటే ఎత్తనిదీ, మీరు లేకపోతే ఎత్తేదీ దయ్యం కాదు. దానికి మనుషులున్నారో లేరో చూసుకునే పనిలేదు. చూసుకుంటున్నది ఈయనే. ఆమెలో ఎవరూ లేరు. ఈయనలో కూడా ఎవరూ లేరు. ఈయనొక్కడే ఉన్నాడు."

వాడి ఏడుపు ఆగింది. నీళ్ళ కుళాయి కట్టేసినట్టు, చివరి చుక్క కూడా లేకుండా. తల ఎత్తి నన్ను చూశాడు, ఆ చూపు ఎవరెవరు చూశారో నాకు తెలియదు.

"ఏమంటున్నాడు?" అని, మిషను పెట్టుకుని కూడా, పక్కవాళ్ళని అడిగింది స్తోత్రమ్మత్త. ఎవరూ చెప్పలేదు. నేనే వెళ్లి ఆమె చెవి దగ్గర వంగి, గుసగుసగా కాదు, అందరూ వినేటట్టే, మాట మాటా విడదీసి మళ్ళీ చెప్పాను. లోపల ఎవరూ లేరు అత్తా. కొట్టింది ఈయనే.

ఆమె నోరు అలవాటుగా తెరుచుకుంది. స్తోత్రం వస్తుందని అందరం చూశాం. రాలేదు. పాస్టరు గారి చేతిలోంచి సీసా తీసుకుని, మూత వేసి, గట్టిగా బిగించి, మా చెల్లెలి పక్కకి వెళ్లి నిలబడింది.